మంచు బండికి తేలిక షాకబ్జర్లు వేస్తే బాగుపడుతుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఒడిశా సరిహద్దు నుంచే వచ్చాయి. పర్లాకిమిడి, రాయగడ, జయపురం, గుణుపురం, సునాబెడ, చివరికి బరంపురం. వాటిలో ఒకటి మన వైపు ఎవరూ తోలని మంచు బండి, అంటే స్నోమొబైల్ గురించి. దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఆ ప్రశ్నలో ఉన్న తికమక సాలూరు ఘాట్ ఎక్కే ప్రతి బైకు వాళ్ళకీ ఉన్నదే కాబట్టి ఎవరూ పేజీ తిప్పేయొద్దు.

ప్రశ్న: గురువుగారూ, నాది పర్లాకిమిడిలో టూవీలర్ మెకానిక్ షెడ్డు. మా బావమరిది కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోని రెవెల్‌స్టోక్ అనే ఊళ్ళో పని చేస్తున్నాడు. అక్కడి కొండల్లో తిరగడానికి సెకండ్ హ్యాండ్‌లో ఒక మౌంటెన్ స్నోమొబైల్ కొన్నాడు, 163 అంగుళాల పట్టా ఉన్నది. మెత్తటి మంచులో ఊరికే కూరుకుపోతోందట, గట్టి దారిలో అయితే నడుం విరుగుతోందట. టైటానియం స్ప్రింగులు, గాలి షాకబ్జర్లు, క్రోమోలీ (బలమైన మిశ్రమ ఉక్కు) ఏ-ఆర్మ్‌లు, వెనక పెద్ద చక్రాలు అని ఒక లిస్టు పంపి, "బావా, ఇవి వేస్తే బండి తేలికవుద్ది, సస్పెన్షన్ కూడా సెట్ అయిపోద్ది, ఏమంటావ్?" అని అడుగుతున్నాడు. నేనా బండి వీడియోల్లో తప్ప చూడలేదు. వాడి బరువు 96 కిలోలు, బట్టలూ బ్యాగూ కాకుండా. ఏం చెప్పమంటారు?

జవాబు: చూడకపోయినా ఫర్వాలేదండీ, మీ షెడ్డులో రోజూ విప్పే సామానే అందులోనూ ఉంది, అమరిక మాత్రం వేరు. ముందు రెండు స్కీలు. ఒక్కో స్కీకి కారు ముందు చక్రానికి ఉన్నట్టే పైనొకటి కిందొకటి ఏ-ఆర్మ్‌లు, మధ్యలో ఒక షాకబ్జర్. వెనక చక్రం ఉండదు, పొడుగాటి రబ్బరు పట్టా తిరుగుతుంది. దాని కడుపులో రెండు అల్యూమినియం రెయిల్స్, వాటి అడుగున ప్లాస్టిక్ స్లైడర్లు, కొన్ని చిన్న చక్రాలు, ఇంకో రెండు షాకబ్జర్లు ఉంటాయి. ఈ చట్రం మొత్తాన్ని స్కిడ్ అంటారు. స్కిడ్ ముందు వైపు షాకబ్జర్ దగ్గర దళసరి బెల్టు ముక్క లాంటి పట్టీ ఒకటుంటుంది, కొన్ని బళ్ళకి రెండుంటాయి. పేరు లిమిటర్ స్ట్రాప్. స్కిడ్ ముందు భాగం కిందికి ఎంత దిగాలో ఆపేది అదే. మీ బావమరిది లిస్టులో ఈ పట్టీ ఊసే లేదు, ఏదైనా కొనకముందు చెయ్యి పెట్టాల్సిన వాటిలో మాత్రం అదొకటి.

లిస్టు సంగతికొద్దాం. అందులో రెండు పనులు కలగాపులగం అయిపోయాయి. బరువు తగ్గించడం ఒకటి, సస్పెన్షన్ బాగు చేయడం ఇంకొకటి. అమ్మేవాళ్ళు రెండిటినీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతారు కాబట్టి కొనేవాడికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కావు. తేలిక స్ప్రింగు వేసినంత మాత్రాన బండి మెత్తగా నడవదు, మెత్తగా నడిచే బండి తేలికగానే ఉండాలనీ లేదు.

బరువు లెక్క చూడండి. కొండ మంచు కోసం చేసే ఈ బళ్ళు పెట్రోలు లేకుండా సుమారు 200 కిలోలుంటాయి. ట్యాంకులో 40 లీటర్లు పడతాయనుకుంటే అదొక 30 కిలోలు. మీ బావమరిది 96, బూట్లు, హెల్మెట్, పార, బ్యాగు కలిపి ఇంకో పదీ పదిహేను. స్కిడ్ లోపల గడ్డకట్టి వేలాడే మంచు వేరే, అది ఒక్కోసారి ఓ బియ్యం బస్తా అంత అవుతుంది. ఇంత మొత్తంలో టైటానియం స్ప్రింగులు మిగిల్చేది చేతి వేళ్ళ మీద లెక్కపెట్టే కిలోలు. అవి దండగ అనను. బండి దిగబడినప్పుడు ముక్కు పట్టుకుని పక్కకి లాగాలన్నా, కొండ వాలు మీద బండిని ఒక పక్కకి వాల్చి అడ్డంగా నడపాలన్నా ప్రతి కిలో తెలుస్తుంది. కానీ కూరుకుపోయే జబ్బుకి అది మందు కాదు.

కూరుకుపోవడం ఎందుకంటే, కంపెనీ ఒక సగటు మనిషిని ఊహించుకుని స్ప్రింగులు వేసి పంపుతుంది. సామాన్లతో 110 కిలోలు ఎక్కి కూర్చుంటే వెనక భాగం దిగిపోతుంది, స్కీలు గాల్లోకి లేస్తాయి, పట్టా మంచు మీద పడుకోవాల్సింది పోయి నిటారుగా తవ్వడం మొదలెడుతుంది. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ, దమ్ము చేలో దిగబడ్డ ట్రాక్టరు లాగా, తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. ఇప్పుడు అదే గట్టిదనం ఉన్న స్ప్రింగుని టైటానియంలో కొనిచ్చారనుకోండి, బండి అలాగే కూర్చుంటుంది, అలాగే తవ్వుతుంది, కాకపోతే కాస్త ఖరీదైన గొయ్యి.

అందుకని ఏమీ కొనకముందు ఇలా చెయ్యమనండి. బండి వెనక బంపర్ పట్టుకుని స్కిడ్ పూర్తిగా సాగేదాకా లేపి, నేల నుంచి బంపర్‌కి ఎత్తు కొలవాలి. తర్వాత పూర్తి బట్టల్లో, బ్యాగుతో సహా ఎక్కి ఒకసారి ఊగి స్థిరంగా కూర్చుంటే ఇంకొకరు అదే చోట కొలవాలి. ఈ రెండిటి తేడా ఎంత ఉండాలో ఆ మోడల్ మాన్యువల్లో ఉంటుంది. తేడా ఎక్కువొస్తే ముందు ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే కాస్త నొక్కి ఉంచే బిగింపు) బిగించాలి. ప్రీలోడ్ చివరిదాకా బిగించినా సరిపోకపోతే అప్పుడు స్ప్రింగు మార్చాల్సిందే, అదీ గట్టిదనం నంబర్ అడిగి, తన బరువు చెప్పి. ఇనుప స్ప్రింగే చాలు.

తర్వాత ఆ పట్టీ. దానికి వరసగా రంధ్రాలుంటాయి. ఒక రంధ్రం బిగిస్తే స్కిడ్ ముందు భాగం పైకి వెళ్తుంది, స్కీల మీద బరువు పడుతుంది, నిట్ట వాలు ఎక్కేటప్పుడు ముక్కు లేవకుండా ఉంటుంది. వదులు చేస్తే స్కీలు తేలికవుతాయి, చదునైన లోతు మంచులో బండి పైకి తేలుతుంది, కానీ మలుపు సరిగ్గా తిరగదు. ఒక్కసారికి ఒక్క రంధ్రమే మార్చాలి, రెండు పట్టీలుంటే రెండూ సమానంగా. పట్టీ మార్చాక పట్టా టెన్షన్ కూడా మారుతుంది, అది మళ్ళీ సరిచూసుకోకుండా బయల్దేరొద్దని గట్టిగా చెప్పండి. దీనికయ్యే ఖర్చు ఒక స్పానరు, అరగంట టైము.

ఇక నడుం విరగడం. సెకండ్ హ్యాండ్ బండి అన్నారు కాబట్టి నా అనుమానం షాకబ్జర్ లోపలి నూనె మీదే. వెనక బంపర్ రెండంగుళాలు లేపి వదలమనండి, చెవి పెట్టి వినమనండి. టక్కుమని లోహం శబ్దం వస్తే షాకబ్జర్ చివర్ల బుష్‌లో, లేదా స్కిడ్ ఇరుసుల్లో ఆట వచ్చినట్టు. ఆ తర్వాత షాకబ్జర్ విప్పి, స్ప్రింగు తీసేసి, రాడ్డుని చేత్తో నొక్కి చూడాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువుతో దిగాలి. సగం దూరం బిగువుగా వెళ్ళి, ఆపైన ఒక్కసారి ఖాళీలో పడ్డట్టు జారితే నూనెలో గాలి కలిసింది, లేదా నూనెని ఒత్తిడిలో ఉంచే నైట్రోజన్ గది ఖాళీ అయింది. రాడ్డు పొడవునా గోరు పెట్టి గీయమనండి, గోరు ఎక్కడ ఆగితే అక్కడ గీత ఉంది, ఆ గీత కొత్త సీలుని కూడా కోసేస్తుంది. ఇవన్నీ మీకు కొత్త కాదు, బైకు మోనోషాక్‌కి (వెనక ఉండే ఒంటి షాకబ్జర్) చేసే పరీక్షలే. కొత్త నూనె, కొత్త సీళ్ళు, మళ్ళీ నైట్రోజన్ అంటే సర్వీసు ఖర్చు. కొత్త షాకబ్జర్ల సెట్‌తో పోలిస్తే అది చాలా తక్కువ. నైట్రోజన్ గది మాత్రం ఇంట్లో విప్పొద్దనండి, లోపల ఒత్తిడి టైరులో ఉన్నదానికి ఎన్నో రెట్లుంటుంది.

ఇవి అయ్యాక కూడా చేతిలో డబ్బు, మనసులో కోరిక మిగిలితే లిస్టు తియ్యొచ్చు. నేనైతే అందులో గాలి షాకబ్జర్లకే మొదటి ఓటు వేస్తాను. ఇనుప స్ప్రింగు పూర్తిగా పోతుంది కాబట్టి తేలికదనం నిజంగానే వస్తుంది, పైగా 96 కిలోల మనిషికి వేరే స్ప్రింగు కొనే పని లేకుండా పంపుతో గాలి పెంచుకుంటే సరిపోతుంది. ఫాక్స్ కంపెనీ ఫ్లోట్ రకం ఈ బళ్ళ మీద ఏళ్ళుగా వస్తున్నదే. గాలి గది గుణం ఏమిటంటే నొక్కేకొద్దీ బిగుస్తుంది, పెద్ద దెబ్బకి అడుగు తగలనివ్వదు. లోపం కూడా ఉంది, సీళ్ళు గట్టిగా పట్టి ఉంటాయి కాబట్టి చిన్న చిన్న గతుకుల దగ్గర మొదటి కదలిక కాస్త మొండిగా ఉంటుంది, చలికి ఒత్తిడి తగ్గుతుంది. మీవాడు రోజూ పార్కింగ్ నుంచి కొండ దాకా గతుకుల దారిలోనే ఎక్కువ దూరం పోయే మనిషైతే వెనక షాకబ్జర్‌కి స్ప్రింగే ఉంచుకుని ముందు రెండూ గాలివి వేసుకోవడం మంచి రాజీ.

క్రోమోలీ ఏ-ఆర్మ్‌ల విషయంలో మాత్రం ఆగమంటాను. మంచు కింద దాగిన చెట్టు మోడుకో బండకో స్కీ తగిలితే ఏదో ఒకటి వంగాలి. కంపెనీ ఆర్మ్ వంగితే అది మార్చుకుంటే అయిపోయింది. బలమైన ఆర్మ్ వేస్తే అది వంగదు, దెబ్బ నేరుగా దాన్ని పట్టుకున్న ఫ్రేము ముందు భాగానికి పోతుంది, అది చీలితే బండి మొత్తం విప్పాలి. కొనాలనుకుంటే తయారుచేసేవాళ్ళని అడగాల్సింది బరువెంత అని కాదు, దెబ్బ తగిలితే ఏది ముందు వంగేలా చేశారని.

స్కిడ్ వెనక కొసన, పట్టా మలుపు తిరిగే చోట వేసే పెద్ద చక్రాలు ఆ మలుపుని తేలిక చేస్తాయి, తిరగడం కాస్త సులువవుతుంది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. బరువు తగ్గుతుందని కొందరు మధ్య చక్రాలే పీకేస్తారు, అది మాత్రం వద్దే వద్దు. స్లైడర్లకి తడి మంచే కందెన. గట్టి ఐసు దారిలో మంచు పైకి చిమ్మనప్పుడు బరువంతా వాటి మీదే పడితే ప్లాస్టిక్ కరిగి పట్టాకి అతుక్కుంటుంది. ఐసు గీకి పైకి చిమ్మే స్క్రాచర్లు రెండు తగిలించుకుంటే వాటి బరువు పెరిగినా లాభమే.

ఇంకొక్క మాట, సస్పెన్షన్‌కి సంబంధం లేనిది. బండి బాగుపడ్డాక మనిషి ఇంకా పై వాలులకి పోతాడు. మంచు చరియలు విరిగిపడే సీమ అది. ఒంటి మీద బీకన్ (మంచు కింద చిక్కిన మనిషి జాడ తెలిపే సిగ్నల్ పరికరం), బ్యాగులో మంచులో పొడిచి వెతికే కర్ర, పార లేకుండా, మంచు చరియల ముప్పు గురించి అవలాంచ్ కెనడా అనే సంస్థ ఇచ్చే బులెటిన్ చూడకుండా కదలొద్దని బావగా మీరే చెప్పాలి. తేలిక టైటానియం స్ప్రింగుల కంటే ముందు వీటికి డబ్బు పెట్టమనండి.

ప్రశ్న: నేను రాయగడలో ఉంటాను సార్. నా మౌంటెన్ సైకిల్‌కి ముందు గాలి ఫోర్క్ ఉంది. మధ్యాహ్నం ఇంట్లో 80 పీఎస్ఐ పెట్టి, మర్నాడు డిసెంబరు తెల్లవారుజామున దేవమాలి కొండ మీద తొక్కితే ముందు భాగం మెత్తగా దిగిపోతోంది. లీకు అనుకుని సీళ్ళు మార్పించాను, అయినా అంతే. కిందికొచ్చి మధ్యాహ్నం చూస్తే మళ్ళీ 80 దగ్గరే ఉంటోంది.

జవాబు: లీకు అయితే తిరిగి రాదు కదండీ. మీ ఫోర్క్ బాగానే ఉంది, సీళ్ళ డబ్బులే పోయాయి.

మూసిన గదిలో గాలి చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. గేజీ చూపించేది బయటి గాలికి పైన ఉన్నది మాత్రమే, కాబట్టి లెక్కకి బయటి గాలి ఒత్తిడి 14.7 కలుపుకోవాలి. ఇంట్లో 30 డిగ్రీలు, 80 కి 14.7 కలిపితే 94.7. కొండ మీద 8 డిగ్రీలు అనుకుందాం. ఈ లెక్క కెల్విన్‌లో వేయాలి కాబట్టి ఉష్ణోగ్రతలకి 273 కలిపితే 303 నుంచి 281కి దిగినట్టు. 94.7ని 281తో గుణించి 303తో భాగిస్తే 88కి కాస్త తక్కువ. అందులోంచి 14.7 తీసేస్తే 73. అంటే ఏడు పీఎస్ఐ చలికే పోయింది. దేవమాలి 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం. అక్కడ బయటి గాలి పలచబడుతుంది కాబట్టి రెండు పీఎస్ఐ పైచిలుకు వెనక్కొస్తుంది, గేజీ పెడితే 75 చూపిస్తుంది. మీ ఒంటికి తెలిసే తేడానే అది. తెల్లవారి తొక్కే ముందు సైకిల్‌ని పావుగంట బయట పెట్టి, చల్లబడ్డాక గాలి పెట్టుకోండి.

పర్లాకిమిడి మెకానిక్ గారి బావమరిదికి కూడా ఇదే లెక్క, ఇంకా పెద్దది. వెచ్చటి గ్యారేజీలో 20 డిగ్రీల దగ్గర 70 పెడితే, సున్నాకి కింద 20 డిగ్రీల్లో అది 58కి దిగుతుంది. అందుకని షాకబ్జర్ గాలి ఎప్పుడూ బండి తోలే చోటే, ఎండకీ ఇంజన్ వేడికీ దూరంగా పెట్టుకోవాలి. పంపు తీసేటప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దానికి కంగారు పడొద్దు, మంచి షాక్ పంపు అయితే అది గొట్టంలో మిగిలిన గాలి. కంగారుపడి మళ్ళీ పంపు తగిలించి చూస్తే మాత్రం ఆ గొట్టం నిండడానికి షాకబ్జర్‌లోంచి కొంత గాలి పోతుంది, గేజీ తక్కువ చూపిస్తుంది, అప్పుడు నిజంగానే కంగారు మొదలవుతుంది.

ప్రశ్న: మాది జయపురం. ఎక్స్‌పల్స్ 200 4వీ బైకు ఉంది. నెలకి రెండు మూడుసార్లు సుంకి, సాలూరు మీదుగా విజయనగరం అత్తగారింటికి వెళ్తాం, నేనూ మా ఆవిడా, వెనక సంచులు. ఘాట్ మలుపుల్లో వెనక భాగం ఊగుతోంది. ఫ్రెండ్స్ ర్యాలీ కిట్ వేసుకోమంటున్నారు, లేకపోతే బయట దొరికే తేలిక మోనోషాక్ వేయమంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు, ఇప్పటికైతే. ర్యాలీ కిట్ ముందు 250 మిల్లీమీటర్లు, వెనక 220 కదలిక ఇస్తుంది, మీ బండికి ఉన్నది 190, 170. ఆ కిట్ దూకుళ్ళకీ రాళ్ళకీ చేసింది. దానితో సీటు ఇంకా ఎత్తవుతుంది. చీర కట్టుకున్న మీ ఆవిడ సంచులతో సహా దాని మీదికి ఎక్కి దిగడం ఊహించుకోండి, తర్వాత ఇంట్లో మాటలు కూడా.

మీ బండి వెనక షాకబ్జర్‌కి ప్రీలోడ్ మెట్లున్నాయి. కొన్నప్పటి నుంచి ఎవరూ తిప్పి ఉండరని నా అనుమానం, ఎందుకంటే షోరూములో ఎవరూ చెప్పరు. ఇద్దరూ సంచులతో ఎక్కి కూర్చున్నప్పుడు వెనక ఎంత దిగుతోందో కొలవండి. మొత్తం కదలికలో మూడో వంతు లోపల, అంటే 50 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. ఎక్కువ దిగితే బిగించండి. వెనక దిగితే ముందు చక్రం మీద బరువు తగ్గిపోతుంది, హెయిర్‌పిన్ మలుపులో హ్యాండిల్ తేలిపోయినట్టు ఉండేది అందుకే. తిరిగొచ్చి ఒక్కరే తోలేటప్పుడు మళ్ళీ వదులు చేసుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే గుద్దుతుంది. ఇది చేశాక కూడా ఊగుతుంటే వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, షాకబ్జర్ కింద బిగించిన చోటు చూపించండి, వానాకాలం నీళ్ళు పోయి గ్రీజు కొట్టుకుపోయే చోటు అది. వెనక టైరు గాలి ఇద్దరి బరువుకి చెప్పిన అంకె దగ్గర ఉందో లేదో కూడా.

ఆఖరికి మోనోషాక్ మార్చాల్సే వస్తే బరువు అడగకండి, స్ప్రింగు గట్టిదనం అడగండి. మీ బండి మీద ఇద్దరు మనుషులూ సంచులూ కలిపితే 150 కిలోలు దాటుతాయి, షాకబ్జర్‌లో అరకిలో తగ్గితే ఘాట్‌కి తెలియదు. అలాగే ఆర్‌సీలో రాసిన వివరాలు మారిపోయేంత మార్పులు చేయొద్దు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అలాంటివి ఒప్పుకోదు. రెండు రాష్ట్రాల చెక్‌పోస్టుల మధ్య తిరిగే బండి మీది.

ప్రశ్న: గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. టైటానియం స్ప్రింగు తేలిక అంటారు కానీ టైటానియం ఇనుము కంటే మెత్తన కదా, అలాంటప్పుడు తీగ లావుగా వేయాలి, బరువు మళ్ళీ పెరగదా?

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. కాయిల్ స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతం మీద, లోహం షియర్ మాడ్యులస్ (మెలితిప్పితే లోహం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె) మీద, చుట్ట వ్యాసం మీద, చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఉక్కు షియర్ మాడ్యులస్ 79 గిగాపాస్కల్స్ ఉంటే స్ప్రింగులకి వాడే టైటానియం మిశ్రమాలకి అందులో సగం పైచిలుకు. నువ్వన్నట్టు తీగ లావు చేయొచ్చు, కానీ దానికంటే తెలివైన దారి చుట్లు తగ్గించడం. గట్టిదనం చుట్ల సంఖ్యకి విలోమం కాబట్టి, మెత్తటి లోహంతో తక్కువ చుట్లు వేసినా అదే గట్టిదనం వస్తుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకి ఉక్కుది 7.8 గ్రాములు, టైటానియంది 4.5. తీగా తక్కువ, లోహమూ తేలిక, రెండు వైపులా లాభమే. చుట్లు తక్కువ కాబట్టి పూర్తిగా నలగడానికి ముందు ఎక్కువ దూరం దిగగలదు కూడా. గీత పడితే అక్కడి నుంచి చీలడం మాత్రం దానికి చెడ్డ గుణం, అందుకే రాళ్ళు చిమ్మే చోట జాగ్రత్త. ప్రాజెక్టుకి కావాలంటే ఒక పాత బైకు స్ప్రింగు తెచ్చుకుని కొలిచి, లెక్క వేసి, తర్వాత బరువులు వేలాడదీసి పోల్చి చూడు. లెక్కకీ కొలతకీ తేడా ఎక్కడొచ్చిందో రాస్తే మార్కులు అక్కడే ఉంటాయి.

ప్రశ్న: సునాబెడ నుంచి. జనవరిలో పిల్లలతో గుల్మర్గ్ వెళ్తున్నాం. అక్కడ స్నోమొబైల్ ఎక్కొచ్చా? మీరు చెప్పే కొండ బళ్ళేనా అవి?

జవాబు: ఎక్కండి, బాగుంటుంది. కానీ అవి టూరిస్టులని తిప్పే బళ్ళు. లోతు మంచులో కొండ ఎక్కే బళ్ళకి పట్టా పొడుగు, దాని మీది రబ్బరు పళ్ళు మూడంగుళాల దాకా ఉంటాయి. టూరిస్టు బళ్ళు తొక్కిన మంచు మీద నడిచేవి, సీటు పొడుగు, సస్పెన్షన్ మోటు. సాధారణంగా నడిపే మనిషి కూడా ఎక్కుతాడు. రేటు ఎక్కకముందే, ఎంత దూరమో కలిపి మాట్లాడుకోండి. పిల్లల మఫ్లర్ కొసలు లోపలికి దోపండి, కాళ్ళు బయటికి చాచనివ్వొద్దు. ఊరు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, మొదటి రోజు పిల్లలని ఎక్కువ పరిగెత్తించొద్దు.

ప్రశ్న: బరంపురం దగ్గర పల్లె నుంచి పాలు వేసే మనిషిని. స్ప్లెండరుకి రెండు పక్కలా క్యాన్లు. ముందు ఫోర్క్ నుంచి ఆయిల్ కారుతోంది. మా మెకానిక్ సీలు వేసి ఇంజన్ ఆయిల్ పోశాడు, మళ్ళీ కారింది. కంపెనీది కాకుండా తేలికరకం ఫోర్క్ వేయమంటున్నాడు.

జవాబు: ఫోర్క్ మార్చొద్దు. సీలు మళ్ళీ పోయిందంటే తప్పు సీలుది కాకపోవచ్చు. పొద్దున్నే ఫోర్క్ గొట్టం చూడండి, సీలు పైన ఎర్రమట్టి, నూనె కలిసి చిక్కటి వలయంలా పేరుకుని ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచి, గొట్టం చుట్టూ మెల్లగా వేలు తిప్పండి. గరుకు తగిలినా, తుప్పు చుక్క ఉన్నా కొత్త సీలు నెలలో పోతుంది. చిన్న చుక్క అయితే సన్నటి వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) నునుపు చేసి సీలు వేయిస్తే సరిపోతుంది, పెద్దదైతే ఆ గొట్టం ఒక్కటీ మార్పించండి. గొట్టం వంగి ఉందేమో కూడా అద్దం మీద దొర్లించి చూడమనండి.

ఆయిల్ ఫోర్క్‌దే పోయించండి, మాన్యువల్లో చెప్పిన కొలత, రెండు వైపులా సమానంగా. ఇంజన్ ఆయిల్ వేడిలో పనిచేయడానికి చేసింది, చలికాలం తెల్లారే వేళ చిక్కబడి ఫోర్క్ కదలనివ్వదు, సీలు మీద ఒత్తిడి పెరుగుతుంది. వెనక షాకబ్జర్లకి అయిదు మెట్లు ఉంటాయి, క్యాన్లు నిండుగా ఉన్నప్పుడు రెండు వైపులా ఒకే మెట్టుకి బిగించండి. ఒకటి మూడులో, ఒకటి అయిదులో పెట్టి తోలే బళ్ళు నేను చాలా చూశాను. ఫోర్క్ గొట్టాలకి రబ్బరు బూట్లు (తొడుగులు) తొడిగిస్తే దుమ్ము ఆగుతుంది, వాటి ఖర్చు కొద్దిపాటిదే. క్యాన్లు మాత్రం ఒక పక్కే ఖాళీ చేసుకుంటూ పోకండి, ఇటొక ఇల్లు అటొక ఇల్లు వంతున పొయ్యండి.